హాస్టల్ నుంచి వచ్చిన బిడ్డ నెత్తి నిండా పేన్లు. మందు లేకుండా 13 రోజుల్లో పోతాయా?

తంగేడుపువ్వు
మాది హనుమకొండ. పెద్దబిడ్డ ఏడో తరగతి, హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. దసరా సెలవులకు ఈ సాయంత్రమే ఇంటికి వచ్చింది. జడ విప్పి నూనె పెడదామని ముందు కూర్చోబెట్టుకుంటే నా గుండె ఆగినంత పనైంది. చెవుల వెనక, మెడ మీద ఈర్లు రవ్వ చల్లినట్టున్నాయి. ఏ పాయ తీసినా పేను పారుతోంది. నడుము దాకా జుట్టు. రేపు ఎంగిలిపూల బతుకమ్మ. ఎల్లుండి మా ఆడపడుచు, ఆమె పిల్లలు ముగ్గురు వస్తారు. పిల్లలంతా ఒకే చాప మీద తలలు తలలు ఆనించి పడుకునేవాళ్ళు.

మందు పేరు మాత్రం చెప్పకండి. పోయిన ఏడాది లోషన్ పెడితే మెడంతా దద్దుర్లు లేచి వారం రోజులు ఏడ్చింది. ఇంట్లో ఏడాదిన్నర చిన్నది కూడా ఉంది, దానికి భయం. మా అత్తమ్మ కిరోసిన్ అంటోంది, మా ఆయన కత్తెర అంటున్నాడు, బిడ్డ మూల కూర్చుని ఏడుస్తోంది. సెలవులు 13 రోజులు. ఈలోపు పోతాయా? విన్నవి కాదు, చేసి చూసినవి చెప్పండి.

పరకాల_పోరడు
కిరోసిన్ ఇంకా ఎక్కడ దొరుకుతోంది? రేషన్ షాపులో చూసి ఎన్నేళ్ళయిందో.

తంగేడుపువ్వు
అత్తమ్మ అరలీటరు సీసా దాచుకుంది, మంచం కింద. కరెంటు పోతే దీపానికట.

సర్వపిండి
ఆ సీసా ముందు ఇంట్లోంచి తీసేయండి అక్కా. మా మేనత్తకు ఎడమ చెవి వెనక నుంచి మెడ దాకా చర్మం ముడుచుకుపోయి ఉంటుంది. పదేళ్ళప్పుడు పేన్లకని నెత్తికి కిరోసిన్ రాసి గుడ్డ చుట్టారు. ఆ గుడ్డతోనే పొయ్యిలో కట్టె ఎగదోయడానికి వంగింది. ఇప్పటికీ నడి ఎండాకాలంలో కూడా కొంగు చెవి మీద నుంచి జరపదు. మంట దగ్గరికి పోకపోయినా, ఉత్తగా రాసుకున్నా నెత్తి బొబ్బలెక్కుతుంది.

కాజీపేట_జంక్షన్
సీతాఫలాల రోజులే కదా ఇవి. గింజలు ఎండబెట్టి దంచి కొబ్బరినూనెలో కలిపి పట్టించండి. తెల్లారేసరికి ఒక్కటుండదు. మా అమ్మ మాకు చేసింది ఇదే.

ములుగు_రోడ్డు
దయచేసి వద్దు. నాకే జరిగింది కాబట్టి చెబుతున్నాను. తొమ్మిదో తరగతిలో మా పెద్దమ్మ ఇదే పొడి పట్టించింది. పేన్లు చచ్చిన మాట నిజమే. పొద్దున తలస్నానం చేస్తుంటే ఆ నీళ్ళు కుడి కంట్లోకి దిగాయి. గంటలోపు కన్ను తెరవలేకపోయాను, వెలుతురు చూస్తే సూదులు గుచ్చినట్టు. కంటి డాక్టర్ దగ్గర కూర్చోగానే ఆయన అడిగిన మొదటి మాట, "సీతాఫలం గింజలేనా?" అంటే నాకంటే ముందు ఎంతమంది వచ్చి ఉంటారో చూడండి. నల్లగుడ్డు పైపొర దెబ్బతిన్నదన్నాడు. రెండు వారాలు చుక్కలు వేసుకున్నాను. గింజలో విషం ఉంది కాబట్టే పేను చస్తుంది, అదే విషం కంటికీ తగులుతుంది.

కాజీపేట_జంక్షన్
కళ్ళు గట్టిగా మూసుకుని కడుక్కుంటే ఏమీ కాదు. మేం ముగ్గురు ఆడపిల్లలం, ఎవరికీ ఏమీ కాలేదు.

ములుగు_రోడ్డు
మీకు కాకపోవడం మీ అదృష్టం. ఏడాదిన్నర పాప తిరిగే ఇంట్లో చెప్పే సలహా కాదు ఇది. అది వెళ్ళి అక్క జుట్టు పట్టుకుని, ఆ చేత్తోనే కళ్ళు నులుముకుంటుంది.

కోడిగుడ్డు_పులుసు
హారతి కర్పూరం కొబ్బరినూనెలో కరిగించి రాయండి. సల్లగా ఉంటుంది, పేన్లు పారిపోతాయి.

ఆసుపత్రి_డ్యూటీ
చిన్నపిల్లలున్న ఇంట్లో కర్పూరం కూడా వద్దు. కొంచెం నోట్లోకి పోయినా ఫిట్స్ వస్తాయి. నేను నర్సుని. దేవుడి అర్రలో తెల్లబిళ్ళలు చక్కెర అనుకుని చప్పరించిన పిల్లల్ని చూశాను. ఇంకొకటి, ఎవరూ రాయలేదు కానీ రాసేలోపే చెబుతున్నా: పత్తికి కొట్టే మందు. మన దగ్గర ప్రతి ఇంట్లో సగం డబ్బా మిగిలి ఉంటుంది. నెత్తి చర్మం నుంచి ఒంట్లోకి దిగుతుంది. నోట్లో నురగతో వచ్చిన కేసు నా డ్యూటీలోనే చూశాను. తాగలేదండీ, పేన్లకు రాసుకుంది అంతే.

వేములవాడ_మొక్కు
ఇంత కథెందుకు? గుండు కొట్టించి జుట్టు రాజన్నకు ఇచ్చేయండి. ఈర్లతో సహా ఒక్క దెబ్బకు పోతాయి, మొక్కు కూడా తీరుతుంది 😄

రెండు_జడలు
తమ్మీ, నువ్వు నవ్వులాటకే అన్నావు, తెలుసు. అయినా చెబుతాను.

నేను ఆరో తరగతిలో హాస్టల్లో చేరాను. మూడో నెలలో పేన్లని మా గదిలో పదకొండు మందిని వరుసగా వరండాలో కూర్చోబెట్టి గుండు కొట్టించారు. ఇంట్లో ఎవరికీ కబురు లేదు. మొక్కు గుండు వేరు, దానికి కొత్త బట్టలు, బెల్లం అన్నం, మేనమామ ఒడిలో కూర్చోబెట్టుకోవడం అన్నీ ఉంటాయి. ఇది అట్లా కాదు. మగపిల్లలు కిటికీలోంచి చూస్తున్నారు. నేను సెలవులకు ఇంటికి వస్తే అమ్మ దర్వాజలో నిలబడి నన్ను గుర్తుపట్టలేదు. ఆ సంవత్సరం బతుకమ్మకు నెత్తికి రుమాలు కట్టుకుని ఆడాను. పూలు పెట్టుకోవడానికి జడ లేదు. ఇప్పుడు నాకు 34. పార్లర్లో మెషిన్ చప్పుడు వింటే ఇంకా ఒళ్ళు జలదరిస్తుంది.

తంగేడుపువ్వు గారూ, మీ ఆయన చేతిలోంచి కత్తెర తీసుకోండి. జుట్టు బిడ్డది. పొట్టిగా కత్తిరిస్తే దువ్వడం తేలికవుతుంది, అంతే. భుజాల దాకా కత్తిరించుకుంటానని ఆమే అంటే సరే.

వేములవాడ_మొక్కు
తప్పయిందక్కా. ఇంకెప్పుడూ అనను.

తంగేడుపువ్వు
రెండు_జడలు గారూ, మీరు రాసింది ఆయనకు చదివి వినిపించాను. ఏమీ అనలేదు, కత్తెర తీసుకెళ్ళి అల్మారాలో పెట్టాడు.

జీవశాస్త్రం_సారు
నేను బడిలో జీవశాస్త్రం చెబుతాను, ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు. కాబట్టి రెండు వైపులా అనుభవమే. పేను బతుకు ఎట్లా ఉంటుందో తెలిస్తే దాని పని పట్టడం కష్టం కాదు.

ఆడపేను రోజుకు ఆరు నుంచి ఎనిమిది దాకా గుడ్లు పెడుతుంది. అవే ఈర్లు. వెంట్రుక మొదట్లో, నెత్తికి ఆనుకుని బంకతో అతికిస్తుంది. కడిగితే పోదు, తుడిస్తే పోదు. అది పగలడానికి వారం నుంచి పది రోజులు. బయటికి వచ్చిన పిల్లపేను పెద్దదై మళ్ళీ గుడ్లు పెట్టడానికి ఇంకో తొమ్మిది, పది రోజులైనా కావాలి. పెద్దపేను నెత్తి మీద నెల రోజుల దాకా బతుకుతుంది. కింద పడితే రక్తం దొరక్క ఒకటి రెండు రోజుల్లో చస్తుంది.

మనకు దొరికిన సందు ఎక్కడంటే, పిల్లపేను గుడ్డు పెట్టలేదు. ఈరును చంపడం మన చేతిలో లేకపోయినా, అది పగిలి వచ్చిన పిల్లను పెద్దది కాకముందే దువ్వి తీసేస్తే ఆ వంశం అక్కడితో సరి. అందుకే ఒక్కరోజే కూర్చుని వందసార్లు దువ్వినా లాభం లేదు. 1, 5, 9, 13 రోజుల్లో నాలుగుసార్లు తడి జుట్టు మీద దువ్వాలి. బ్రిటన్ ప్రభుత్వ ఆరోగ్య సేవ చెప్పే లెక్క ఇదే. 17వ రోజు మళ్ళీ ఒకసారి చూడమంటారు. మీ సెలవులు కూడా 13 రోజులే, కొలిచి ఇచ్చినట్టున్నాయి.

సర్వపిండి
రేపు ఎంగిలిపూలు ఒకటి. అట్ల బతుకమ్మ అయిదో రోజు. సద్దులు తొమ్మిదో రోజు. సారు లెక్క పంచాంగంలో కూడా కుదిరింది!

పరకాల_పోరడు
ఏడో రోజు వేపకాయల బతుకమ్మ, ఆ రోజు వేపనూనె రాస్తే పేన్లు కూడా వచ్చి ఆడతాయి.

కాజీపేట_జంక్షన్
పేన్లు ఎగురుతాయి సార్. మా పక్కింటి పాప మా ఇంటికి వచ్చి దూరంగా కూర్చుంది, అయినా మా దానికి ఎక్కాయి.

జీవశాస్త్రం_సారు
రెక్కలు లేవు, దూకే కాళ్ళు కూడా లేవు. దాని కాళ్ళ చివర కొక్కేల్లాంటి గోళ్ళుంటాయి, వెంట్రుక పట్టుకుని పాకడానికే పుట్టినట్టు. తలకు తల ఆనితేనే ఒకరి నుంచి ఒకరికి ఎక్కుతుంది. ఒకే దువ్వెన, ఒకే తలగడతో కూడా ఎక్కొచ్చు, అది తక్కువ. మీ పాప, పక్కింటి పాప ఒకే సెల్‌ఫోన్‌లో తలలు కలిపి బొమ్మలు చూడలేదని ఒట్టేసి చెప్పండి.

కాజీపేట_జంక్షన్
...చూశారు 🙈

సోమవారం_తలస్నానం
లెక్క సారు చెప్పారు, దువ్వే పద్ధతి నేను చెబుతాను. ముగ్గురు పిల్లల్ని గట్టెక్కించాను.

మామూలు ప్లాస్టిక్ పేన్ల దువ్వెనకు పళ్ళు వంగుతాయి, ఈరు జారిపోతుంది. స్టీల్ పళ్ళది తీసుకోండి, పళ్ళు పొడుగ్గా దగ్గరదగ్గరగా ఉండేది. జుట్టు షాంపూతో కడిగి, పిండాక, కండిషనర్ బోలెడంత పట్టించండి. చిటికెడు కాదు, గుప్పెడు. ముందు పెద్ద పళ్ళ దువ్వెనతో చిక్కు తీయాలి, లేకపోతే బిడ్డ కేకలు వీధి చివరి దాకా వినిపిస్తాయి. తర్వాత వేలెడు వెడల్పు పాయలు తీసుకుంటూ, స్టీల్ దువ్వెన పళ్ళు నెత్తికి తాకేలా పెట్టి చివరి దాకా ఒకే లాగు. లాగిన ప్రతిసారీ తెల్ల గుడ్డ మీద తుడిచి చూడండి. తుడవకుండా మళ్ళీ పెడితే తీసిన పేనును తిరిగి నెత్తికి ఎక్కించినట్టే. చెవుల వెనక, మెడ మీద రెండుసార్లు. తల మొత్తం అయ్యాక కండిషనర్ కడిగేసి తడి మీదే ఇంకోసారి మొదటి నుంచి. నడుము దాకా జుట్టంటే గంట పడుతుంది, టీవీ ముందు కూర్చోబెట్టుకోండి.

గోరుకొయ్యలు
కండిషనర్ లేకపోతే? మా ఊళ్ళో చిన్న ప్యాకెట్లే దొరుకుతాయి.

సోమవారం_తలస్నానం
మందారాకు నలిపి నీళ్ళలో పిసికితే జిగురొస్తుంది కదా, అది వాడాను. నానబెట్టిన మెంతుల గుజ్జు కూడా. పేనును చంపేది కండిషనర్ కాదండీ, దువ్వెనే. దువ్వెన జారడానికి, పేను కాళ్ళాడక ఆగిపోవడానికి జారుడుగా ఏదో ఒకటి ఉండాలి, అంతే.

కోడిగుడ్డు_పులుసు
మరి కొబ్బరినూనె రాత్రంతా పట్టించి గుడ్డ కడితే ఊపిరాడక చస్తాయి కదా?

జీవశాస్త్రం_సారు
చచ్చినట్టు పడి ఉంటాయి. అది ఒంటికి పక్కనున్న రంధ్రాలతో ఊపిరి తీస్తుంది, వాటిని మూసుకుని గంటల తరబడి ఉండగలదు. నీళ్ళలో ముంచినా అంతే. నూనె కడిగాక కొన్ని మళ్ళీ లేస్తాయి. నూనె వల్ల దువ్వడం తేలికవుతుంది, అందుకు రాసుకోండి. ఈరు మాత్రం నూనెకు చలించదు.

మందుల_కొట్టు
నాది మందుల షాపు, కాబట్టి నా మాట ఎవరూ నమ్మరు, అయినా సరే. అందరూ దువ్వెన దేవుడంటున్నారు. 2000లో వేల్స్‌లో పిల్లల మీద పోల్చి చూశారు. తడి దువ్వెనతో 38 శాతం మందికే పోయాయి, మలాథియాన్ లోషన్‌తో 78 శాతం మందికి. మందు వద్దనడం ఇల్లంతా కడిగి గుమ్మం మరిచినట్టు ఉంది.

జీవశాస్త్రం_సారు
మీరు చెప్పింది నిజమే. కానీ 2005లో బ్రిటన్‌లోనే ఇంకో పరిశోధన వచ్చింది, ఆ ముక్క వదిలేశారు. అందులో దువ్వెన కిట్‌తో 57 శాతం మందికి, షాపులో దొరికే మందులతో 13 శాతం మందికే పోయాయి. అప్పటికి పేన్లు మందులకు అలవాటుపడిపోయాయి, దువ్వెనకు ఏ పేనూ అలవాటుపడదు. కిట్ కూడా కాస్త మెరుగుపడింది.

మందుల_కొట్టు
57 అంటే 43 మందికి పోలేదని కూడా అర్థం సార్.

జీవశాస్త్రం_సారు
ఒప్పుకుంటున్నా. ఆ 43 మందిలో మూడోసారి దువ్వడం మానేసినవాళ్ళు ఎంతమందో, నేను మా ఇంట్లో చూసినదాన్ని బట్టి ఊహించగలను.

రెండు_జడలు
రెండూ నడుము దాకా జడలున్న మన పిల్లల మీద చేసినవి కాదు. కొట్లాట ఆపి ఆమెకు సాయం చేయండి.

మందుల_కొట్టు
సరే సరే. దద్దుర్లు వచ్చిన పిల్లకు నేను కూడా అదే లోషన్ ఇవ్వను. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. గోకి గోకి నెత్తి మీద పుండ్లు పడి చీము పట్టినా, మెడ దగ్గర బిళ్ళలు కట్టినా దువ్వెనతో కూర్చోవద్దు, డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. నాలుగుసార్లు సరిగ్గా దువ్వాక కూడా పారుతుంటే అప్పుడూ అడగండి, ఇప్పుడు వేరే రకం మందులున్నాయి.

తంగేడుపువ్వు
మొదటి రోజు అయిపోయింది. స్టీల్ దువ్వెన 150 పెట్టి కొన్నాను. పొద్దున తొమ్మిదికి కూర్చుంటే పదిన్నర దాటింది. లెక్కపెట్టాను, పెద్దవి 41. చిన్నవి లెక్కకు అందలేదు. తెల్ల గుడ్డ మీద పారుతుంటే నా నెత్తి కూడా దురద పెట్టింది. బిడ్డ మాత్రం లెక్కపెడుతూ నవ్వింది, నిన్నటి ఏడుపు లేదు. సాయంత్రం తంగేడు, గునుగు పేర్చి బతుకమ్మ ఆడాం.

పరకాల_పోరడు
నాకిది చదువుతుంటేనే దురద పెడుతోంది. నాకు బట్టతల.

ఆసుపత్రి_డ్యూటీ
మీ నెత్తి దురద ఊరికే తీసేయకండి, మీరూ చూసుకోండి. ఇంట్లో అందరికీ ఒకే రోజు చూడాలి. మొదటిసారి పేన్లు ఎక్కిన మనిషికి దురద మొదలవడానికే నాలుగు నుంచి ఆరు వారాలు పట్టొచ్చు. "నాకు దురద లేదు కాబట్టి నాకు లేవు" అనే మాట చెల్లదు.

తంగేడుపువ్వు
అయ్యో. మా ఆడపడుచు నిన్న వచ్చింది. ఈ మాటే మెల్లగా అంటే, "మా పిల్లలకు పేన్లు లేవు, మేం శుభ్రంగా ఉంటాం" అని ముఖం మాడ్చుకుంది. ఆ "మేం" అన్న తీరు వినాల్సింది. రాత్రి అన్నం కూడా సరిగ్గా తినలేదు.

సర్వపిండి
ఈరును పేను చేసి, పేనును పెరుమాళ్ళు చేసినట్టు.

జీవశాస్త్రం_సారు
శుభ్రానికీ పేనుకూ సంబంధం లేదని చెప్పండి ఆమెకు. అది మురికి తినదు, రక్తం తాగుతుంది. రోజూ తలస్నానం చేసే తల మీద కూడా హాయిగా ఉంటుంది. జబ్బులు తెచ్చేది ఒంటి పేను, అది బట్టల మడతల్లో ఉంటుంది, టైఫస్ జ్వరం దానితో వచ్చేది. తల పేనుతో జబ్బులు రావు, దురదా తలవంపులే.

గోరుకొయ్యలు
తలవంపులే అసలు జబ్బు సార్ మన దగ్గర.

తంగేడుపువ్వు
మూడో రోజు. ఏం జరిగిందో చెబితే నమ్మరు. మా అత్తమ్మ మధ్యాహ్నం అరుగు మీద పీట వేసుకుని కూర్చుని, "దా బిడ్డా, ఇట్లా కూర్చో" అని ఆడపడుచు చిన్నకూతుర్ని మోకాళ్ళ మధ్య కూర్చోబెట్టుకుంది. ఊరికే కథ చెబుతున్నట్టు, ఎండపొడలో పాయలు తీస్తోంది. ఒకటి తీసి గోరు మీద టక్కుమనిపించింది. ఇంకొకటి. మూడోది తీసి సరాసరి మా ఆడపడుచు అరచేతిలో పెట్టి, "నీ శుభ్రం ఇదిగో" అంది. నేను వంటింట్లోకి పారిపోయాను నవ్వాపుకోలేక.

కథ అక్కడితో ఆగలేదు. "మరి నీకో?" అని మా పెద్దది వెళ్ళి అమ్మమ్మ, నాయనమ్మ అని చూడకుండా అత్తమ్మ కొప్పు విప్పింది. ఉన్నాయి! కిరోసిన్ సీసా దాచిన మనిషి నెత్తిలో అయిదు దొరికాయి.

వేములవాడ_మొక్కు
పేనుకు పెత్తనమిస్తే నెత్తంతా కొరికిందట 😂

రెండు_జడలు
ఎంత బాగుందో ఈ ఇల్లు. అత్తమ్మ గారిని ఇక్కడ సభ్యురాలిగా చేర్పించండి.

తంగేడుపువ్వు
ఆమె ఇప్పుడు దువ్వెన వదలడం లేదు. స్టీల్ దువ్వెన ముట్టుకుని చూసి, "మా అమ్మ దగ్గర కట్టె ఈరుపెన ఉండేది, దీని తాత" అంది. ఆడపడుచు కూడా కూర్చుంది. ఆమెకు, పిల్లలకు, నాకు, అత్తమ్మకు అందరికీ అదే రోజు మొదటి దువ్వుడు. మా ఆయనకు లేవు, గర్వంగా తిరుగుతున్నాడు.

కాజీపేట_జంక్షన్
మరి మంచాలు, బొంతలు? ఇల్లంతా పురుగుల స్ప్రే కొట్టించాలా?

ఆసుపత్రి_డ్యూటీ
స్ప్రే వద్దు, ఆ మందు పాప పీలుస్తుంది తప్ప ఏమీ ఒరగదు. సారు చెప్పారు కదా, నెత్తి దిగితే ఒకటి రెండు రోజులే. తలగడ గలీబులు, తువ్వాళ్ళు బాగా వేడినీళ్ళలో నానబెట్టి ఉతికి ఎండలో వేయండి. దువ్వెనలు, రబ్బరుబ్యాండ్లు మరిగిన నీళ్ళలో పది నిమిషాలు. బొంతల జోలికి పోకండి, పండగ పూట నడుం పోతుంది.

తంగేడుపువ్వు
అయిదో రోజు. పెద్దదానికి చిన్నవి 17, పెద్దది ఒక్కటీ లేదు! కానీ ఈర్లు అట్లాగే ఉన్నాయి, తెల్లగా మెరుస్తున్నాయి. చూసినవాళ్ళు ఇంకా పేన్లున్నాయనే అంటున్నారు. చుండ్రేమో అనుకున్నా కానీ ఊదితే పోవడం లేదు.

సోమవారం_తలస్నానం
ఊదితే, వేలితో తోస్తే జరిగేది చుండ్రు. వెంట్రుకకు అతుక్కుని కదలనిది ఈరు. మీరు ఒక్కటి గమనించండి, నెత్తి నుంచి ఎంత దూరంలో ఉన్నాయి?

తంగేడుపువ్వు
చాలావరకు రెండు వేళ్ళ దూరంలో. కొన్ని మాత్రం మొదట్లో, కొంచెం గోధుమ రంగు.

జీవశాస్త్రం_సారు
దూరంగా తెల్లగా ఉన్నవి ఖాళీ గుల్లలు. ఎప్పుడో పగిలిపోయాయి, వెంట్రుక పెరిగేకొద్దీ పైకి వచ్చాయి. వెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది, దాన్ని బట్టి ఎంతకాలం క్రితం పెట్టినవో మీరే లెక్కేయొచ్చు. మొదట్లో గోధుమ రంగువే బతికున్నవి. ఓపిక ఉంటే గోళ్ళతో లాగి తీసేయండి, లేకపోతే తొమ్మిదో రోజు దువ్వెన చూసుకుంటుంది.

తంగేడుపువ్వు
రెండు వేళ్ళంటే మూడు నెలల పైమాటే కదా సార్. అంటే జూన్, జులై నుంచి దాని నెత్తిలో ఉన్నాయి. ఫోన్లో ఒక్క మాట చెప్పలేదు. అడిగితే, "చెబితే గుండు కొట్టిస్తారని" అంది.

రెండు_జడలు
...

గోరుకొయ్యలు
నిమ్మరసం, వెనిగర్ రాస్తే ఈరు బంక ఊడుతుందంటారు, నిజమేనా?

మందుల_కొట్టు
గోకిన నెత్తి మీద మంట మాత్రం గ్యారంటీ. బంక ఊడదు. దువ్వెన పార్టీలో చేరినట్టున్నాను నేను కూడా.

తంగేడుపువ్వు
తొమ్మిదో రోజు, సద్దులు. పొద్దున్నుంచి మలీద, సత్తుపిండి, పూలు, ఇంటి నిండా జనం. మధ్యాహ్నం మూడింటి దాకా దువ్వెన గుర్తే లేదు. రేపు చూద్దాంలే అనుకున్నా. పెద్దదే తువ్వాలు, కండిషనర్ సీసా పట్టుకుని వచ్చి ముందు కూర్చుంది. పూలు పేరుస్తున్న చేతులతోనే దువ్వాను. పెద్దదానికి 3, ఆడపడుచు పిల్లలకు 2, నాకు సున్నా, అత్తమ్మకు సున్నా. రాత్రి జడలో బంతిపూల దండ పెట్టుకుని ఆడింది.

సర్వపిండి
చెరువు కట్ట మీద ఎంతమంది తల్లులకు తెలుసు, ఆ జడ వెనక ఇంత యుద్ధం జరిగిందని 😄

సోమవారం_తలస్నానం
మూడు దొరికినా ఆగొద్దు. చాలామంది ఇక్కడే అయిపోయిందనుకుంటారు. 13 తప్పకుండా చేయండి.

తంగేడుపువ్వు
13వ రోజు. ఎవరికీ ఒక్కటి కూడా లేదు. రెండుసార్లు దువ్వాం, అత్తమ్మ మూడోసారి దువ్వింది. తెల్ల గుడ్డ తెల్లగానే ఉంది. 17వ రోజు చూడాల్సింది మాత్రం హాస్టల్లో పడుతుంది. అదే నా బాధ. అదే గది, అవే పదహారు మంచాలు.

రెండు_జడలు
వార్డెన్‌తో మాట్లాడారా? ఒక్క మీ బిడ్డ నెత్తి బాగుంటే సరిపోదు. గదిలో అందరికీ ఒకే రోజు చేస్తేనే. లేకపోతే సంక్రాంతికి మళ్ళీ మొదటి రోజే.

తంగేడుపువ్వు
రేపు దింపడానికి నేనే వెళ్తున్నాను. వార్డెన్ మేడమ్‌తో మాట్లాడతాను, గుండు మాట ఎత్తకుండా ముందే చెప్పాలి. బిడ్డ తన ఆలోచన తాను చేసుకుంది. ట్రంకు పెట్టెలో సకినాల డబ్బా పక్కన స్టీల్ దువ్వెన, కండిషనర్ పెద్ద సీసా, పాత తెల్ల లుంగీ ముక్క పెట్టుకుంది. గదిలో ఇద్దరు దోస్తులకు ఫోన్ చేసి, "ఆదివారం మీ ఇద్దరి వంతు, ఎవరికీ చెప్పను, దా" అంది. లుంగీ ముక్క ఎందుకని వాళ్ళ నాన్న అడిగితే, లెక్కపెట్టడానికట.

జీవశాస్త్రం_సారు
నా క్లాసులో ఇట్లాంటి ఒక్క పిల్ల ఉంటే చాలు.

పరకాల_పోరడు
ఆ కిరోసిన్ సీసా ఏమైంది చివరికి?

తంగేడుపువ్వు
మా ఆయన గేటు బోల్టుల తుప్పు వదిలించడానికి వాడేశాడు. అత్తమ్మ రెండు రోజులు మాట్లాడలేదు.

నర్సంపేట_నుంచి
ఇప్పుడే మొత్తం చదివాను. మా వాడు రెండో తరగతి, మగపిల్లవాడు, పొట్టి జుట్టు. వాడికీ 1, 5, 9, 13 అవసరమేనా? స్టీల్ దువ్వెన ఎక్కడ అడగాలి?

సోమవారం_తలస్నానం
అవసరమే. పది నిమిషాల్లో అయిపోతుంది, అంతే తేడా. మందుల షాపులో పేన్ల దువ్వెన, స్టీల్‌ది అని అడగండి. ప్లాస్టిక్‌ది చేతిలో పెడితే తీసుకోకండి.